200-600 జూమ్‌కి 1.4ఎక్స్ పెడితే ఫొటోలు సాఫ్ట్‌గా వస్తున్నాయా? ముందు పేపర్ పరీక్ష చేయండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సోనీ ఏ7 ఫోర్ బాడీ, 200-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు, కొత్తగా కొన్న సోనీ 1.4ఎక్స్ టెలికన్వర్టర్ (లెన్సుకీ బాడీకీ మధ్య పెట్టేది). కొల్లేరు దగ్గరి ఆటపాకలో గూడబాతులను ఉత్త లెన్సుతో తీస్తే బాగున్నాయి, కన్వర్టర్ తగిలించి తీస్తే అన్నీ మెత్తగా, మంచు పట్టినట్టు వచ్చాయి. కన్వర్టర్ అంటే ఇంతేనా? దీన్ని అమ్మేసి 2ఎక్స్ కొనమంటున్నారు, కొనవచ్చా?

సూటిగా చెప్తాను. కన్వర్టర్ వల్ల కొంత షార్ప్‌నెస్ తగ్గడం నిజమే. కానీ మీరు వర్ణించినంత తగ్గదు. ఈ జూమ్‌కీ 1.4ఎక్స్‌కీ బాగా పొత్తు కుదురుతుంది. అంత మెత్తగా వస్తే కారణం నాలుగింటిలో ఒకటి: మధ్యలో ఉన్న గాలి, కెమెరా ఊగడం, ఫోకస్ తప్పడం, కన్వర్టర్ సరిగా కూర్చోకపోవడం. నీళ్ళ మీదుగా, ఎండెక్కాక, 80 మీటర్ల దూరంలో ఉన్న పక్షి అన్నారు కాబట్టి నా మొదటి అనుమానం గాలి మీదే. 2ఎక్స్ మాత్రం ఈ లెన్సుకి వద్దు.

కన్వర్టర్ చేసే పని చాలా చిన్నది. లెన్సు వేసిన బొమ్మలో నడిమి భాగాన్ని పట్టుకుని సెన్సార్ అంతటా పరుస్తుంది. 1.4ఎక్స్ అయితే అదే వెలుతురు రెట్టింపు వైశాల్యం మీద పరుచుకుంటుంది, అందుకే ఒక స్టాప్, అంటే సగం వెలుతురు, పోతుంది. 2ఎక్స్ అయితే నాలుగింతల వైశాల్యం, రెండు స్టాపులు పోతాయి. మీ 600 ఎఫ్/6.3 కాస్తా 1.4ఎక్స్‌తో 840 ఎఫ్/9 అవుతుంది, 2ఎక్స్‌తో 1200 ఎఫ్/13 అవుతుంది. ఎఫ్ అంకె పెరిగితే లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుందన్నమాట. పక్షితో పాటు లెన్సులో ఉన్న లోపాలు కూడా అంతే పెద్దవవుతాయి. తెల్లటి రెక్క అంచున ఊదారంగు గీత ఉత్త లెన్సుతో కనపడీ కనపడకుండా ఉంటే, ఇప్పుడు స్పష్టంగా కనపడుతుంది. చేతి వణుకూ 1.4 రెట్లే, గాలి అలలూ 1.4 రెట్లే. కన్వర్టర్‌ని తిట్టుకునే చాలా ఫొటోల్లో తప్పు ఈ చివరి రెండింటిదే.

అసలు లాభం ఎక్కడ, ఎంత?

లెక్క వేసుకుంటే తేలిపోతుంది. 16 సెంటీమీటర్ల చిన్న లకుముకి పిట్ట 10 మీటర్ల దూరంలో వాలిందనుకుందాం. 600 దగ్గర ఫ్రేము వెడల్పు అక్కడ సుమారు 60 సెంటీమీటర్లు. మీ బాడీలో అడ్డంగా 7008 పిక్సెళ్ళు ఉన్నాయి కాబట్టి పిట్ట మీద 1870 పిక్సెళ్ళు పడతాయి. 840 దగ్గర 2600 పైచిలుకు పడతాయి. కంటి చుట్టూ ఉన్న సన్నని ఈకలు విడివిడిగా కనపడటానికి ఈ తేడా పనికొస్తుంది. మధ్యలో గాలి కూడా 10 మీటర్లే, పెద్దగా చెడగొట్టదు.

అదే గూడబాతు 80 మీటర్ల దూరంలో ఉంటే, 600 దగ్గర ఫ్రేము వెడల్పు 4.8 మీటర్లు, 840 దగ్గర 3.4 మీటర్లు. కాగితం మీద ఇక్కడా లాభమే. కానీ ఆ 80 మీటర్ల గాలి అప్పటికే వివరాలను తినేసి ఉంటే, లేని వివరాన్ని కన్వర్టర్ పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. అలాంటప్పుడు ఉత్త 600తో తీసి క్రాప్ చేసినా అదే వస్తుంది, పైగా ఒక స్టాప్ వెలుతురు మిగులుతుంది. 33 మెగాపిక్సెళ్ళలో 1.4 రెట్లు క్రాప్ చేస్తే ఇంకా 16 మెగాపిక్సెళ్ళకు పైనే మిగులుతాయి. ఏ4 సైజులో 300 డీపీఐ ప్రింటుకి 9 లోపే చాలు.

కాబట్టి కన్వర్టర్ సరిగ్గా పనికొచ్చేది దగ్గరగా ఉన్న చిన్నవాటికి: పిచ్చుకలు, లకుముకి, తూనీగలు, సీతాకోకచిలుకలు. ఇంకో మంచి సంగతి, కన్వర్టర్ పెట్టినా కనీస ఫోకస్ దూరం మారదు. మీ లెన్సుకి అది 2.4 మీటర్లు. ఉత్త లెన్సుకి 0.35 రెట్లున్న మాగ్నిఫికేషన్ (సెన్సార్ మీద బొమ్మ అసలు వస్తువుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె) దాదాపు 0.49 అవుతుంది. తూనీగ రెక్కలోని గళ్ళు తీయడానికి అది చక్కగా సరిపోతుంది.

పేపర్ పరీక్ష

ఏది తప్పో తేలాలంటే గాలినీ చేతినీ పక్కన పెట్టి, లెన్సు, కన్వర్టర్ రెండింటినే పరీక్షించాలి. దీనికి చార్టులు కొననక్కర్లేదు, తెలుగు దినపత్రిక చాలు. మన లిపిలో ఒత్తులూ చుక్కలూ సన్నగా ఉంటాయి కాబట్టి ఇది నిజానికి మంచి చార్టే.

పొద్దున్నే, నేల వేడెక్కక ముందు, మట్టి మీదో గడ్డి మీదో పెట్టండి. డాబా మీద వద్దు, సిమెంటు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. పేపర్‌ని అట్టకి అతికించి, అడ్డంగా, కెమెరాకి సరిగ్గా ఎదురుగా, 10 మీటర్ల దూరంలో నిలబెట్టండి. 600 దగ్గర ఒక పేజీ దాదాపు ఫ్రేము నిండుతుంది. ట్రైపాడ్ మీద లెన్సు చుట్టూ ఉండే పట్టీతోనే (కాలర్) బిగించండి, నడిమి కడ్డీ పైకి లేపకండి. స్టెడీషాట్ (ఊపుని తగ్గించే సదుపాయం) ఆఫ్ చేసి, ఐఎస్ఓ 400, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఒక్కో ఫొటోకి ముందు ఫోకస్‌ని చేత్తో చెడగొట్టి మళ్ళీ ఆటోఫోకస్ చేయించండి. ఉత్త లెన్సుతో 600 దగ్గర ఎఫ్/6.3, ఎఫ్/8లలో ఐదేసి, కన్వర్టర్‌తో 840 దగ్గర ఎఫ్/9, ఎఫ్/11లలో ఐదేసి తీయండి.

కంప్యూటర్లో 600 ఫొటోని 140 శాతానికి, 840 ఫొటోని 100 శాతానికి పెట్టి, ఒకే పేరాని పక్కపక్కన చూడండి. రెండింటినీ 100 శాతం దగ్గరే పోల్చడం అందరూ చేసే పొరపాటు. అలా చూస్తే ఉత్త లెన్సుదే ఎప్పుడూ గెలుస్తుంది, ఎందుకంటే దాని అక్షరాలు చిన్నవి.

ఇప్పుడు అక్షరాల్లోకి వెళ్ళండి. ద కింది సన్నని నిలువు గీతే దాన్ని ధ చేస్తుంది. ఆ గీత అక్షరానికి అంటుకుపోయిందా, విడిగా ఉందా? ఠ లోపలి చుక్క చుక్కలా ఉందా, గుండ్రం మొత్తం బూడిదరంగుకి తిరిగిందా? క్ష కింది ఒత్తు విడివిడిగా కనపడుతుందా? కన్వర్టర్ ఫొటోలో ఈ గీతలు కొంచెం పాలిపోయి ఉన్నా, పెద్దవి చేసిన 600 ఫొటో కంటే సులువుగా చదవగలిగితే మీ కన్వర్టర్ బాగున్నట్టే. కాంట్రాస్ట్ తగ్గడం మామూలే, అది ఎడిటింగ్‌లో తిరిగి వస్తుంది. చదవడానికి రెండూ సమానంగా ఉంటే, ఆ జోడీతో మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఐదింటిలో రెండు బాగుండి మూడు మెత్తగా ఉంటే అది ఫోకస్ సమస్య. ఐదూ ఒకే వైపు, ఎడమో కుడో, మెత్తగా ఉంటే ముందు పేపర్ వంకరగా ఉందేమో చూడండి. పేపర్ సరిగానే ఉంటే కన్వర్టర్ బిగింపులో వంపు ఉంది. షాపులో మార్చమని అడగండి.

గాలి, ఊపు, ఫోకస్: ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

మీ ఆటపాక ఫొటోలు ఇంకా ఉంటే వాటిలోనే జవాబు ఉంది. పక్షి కంట్లో మెరిసే తెల్ల చుక్కని 200 శాతం చేసి చూడండి. చుక్క ఒక వైపుకి సాగి చిన్న గీతలా ఉంటే కెమెరా ఊగింది. చుక్క గుండ్రంగానే ఉండి ఉబ్బిపోయి, ముందున్న గడ్డో వెనకున్న కొమ్మో షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పింది. చుక్క చిరిగినట్టు, రెండుగా చీలినట్టు ఉండి, వరుస ఫొటోల్లో ఒక్కోదాంట్లో ఒక్కో ఆకారంలో ఉంటే అది గాలి. గాలి దోషం ఉన్న ఫొటోలో ఎక్కడా షార్ప్‌గా ఉండదు, లేదా ముక్కు షార్ప్‌గా ఉండి మెడ అలలు అలలుగా ఉంటుంది.

వేసవిలో తారు రోడ్డు మీద ఎండమావి చూస్తాం కదా, అదే ఇది. కంటికి కనపడనంత పలచగా ఉన్నా 840 దగ్గర పట్టుబడుతుంది. దీనికి సెట్టింగు ఏదీ లేదు. షటర్ వేగం పెంచినా పోదు, ట్రైపాడ్ పెట్టినా పోదు. చేయగలిగినవి కొన్నే: సూర్యోదయం నుంచి రెండు గంటల లోపు తీయడం, మబ్బు రోజులు ఎంచుకోవడం, దగ్గరికి వెళ్ళడం, నేలకి లేదా నీటికి మరీ ఆనుకున్న చూపు కాకుండా కాస్త ఎత్తు నుంచి తీయడం. చలికాలంలో తెల్లవారుజామున నీళ్ళు గాలి కంటే వెచ్చగా ఉంటే చెరువు మీద అప్పుడు కూడా అలలు ఉంటాయి, కాబట్టి పొద్దున్నే కదా అని ధీమా పడకండి. 20, 30 వరుస ఫొటోలు తీస్తే గాలి ఒక్క క్షణం నిలకడగా ఉన్నప్పటిది ఒకటి దొరకవచ్చు.

కారులోంచి తీసేవాళ్ళకి ఒక మాట. ఏసీ వేసి, ఒక అద్దం దించి, అందులోంచి లెన్సు బయటపెడితే చల్లగాలీ వేడిగాలీ సరిగ్గా లెన్సు ముందే కలుస్తాయి. ఇంజను ఆపేసి, అద్దాలన్నీ దించి, పది నిమిషాలు ఆగండి. కాలిన బానెట్ మీదుగా అసలు తీయకండి.

ఊపు విషయానికి వస్తే, చేత్తో పట్టుకుని 840 దగ్గర, కదలకుండా కూర్చున్న పక్షికి కూడా నేను 1/1000 కంటే కిందికి దిగను. ట్రైపాడ్ మీద, గాలి వీచనప్పుడు, 1/250 దాకా వెళ్ళొచ్చు, కానీ అప్పుడు పక్షి తల తిప్పినా మసకే. ఎగిరే గూడబాతుకి 1/2000, చిన్న పిట్టలకి 1/3200. నిండు ఎండలో ఎఫ్/9 దగ్గర ఐఎస్ఓ 800కి సుమారు 1/2500 వస్తుంది. పొద్దున ఏడింటి వెలుతురు దానికంటే రెండు స్టాపులు తక్కువ అనుకుంటే అదే వేగానికి ఐఎస్ఓ 3200 కావాలి. ఇది చూసి భయపడి 1/500కి దిగడం వల్లే చాలా ఫొటోలు పాడవుతాయి. నాయిస్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, ఊగిన ఫొటోకి మందు లేదు. ఎక్స్‌పోజర్ తక్కువగా తీసి తర్వాత లేపడం కూడా వద్దు, కన్వర్టర్ ఫొటోల్లో ముందే పలచబడిన కాంట్రాస్ట్ నీడల్లో ఇంకా దెబ్బతింటుంది.

స్టెడీషాట్‌కి కూర్చున్న పక్షైతే మోడ్ 1, అడ్డంగా సాగిపోయేదైతే మోడ్ 2. ట్రైపాడ్ మీద గట్టిగా బిగించినప్పుడు ఆఫ్ చేయండి. ట్రైపాడ్ మీద ఉన్నా ఎడమ అరచేతిని లెన్సు పైన, కాలర్‌కి సూటిగా, బరువుగా ఆనించండి. లెన్సు కన్వర్టర్ కలిపి 2.3 కిలోలకు దగ్గర, సన్న ట్రైపాడ్ మీద అది తీగలా మోగుతుంది. సైలెంట్ షటర్ కూర్చున్న పక్షికే వాడండి. మీ బాడీలో సెన్సార్ చదివే వేగం తక్కువ కాబట్టి ఎగిరే పక్షి రెక్కలు వంకరపోతాయి.

ఫోకస్‌లో మొదటి ఇబ్బంది లోతు. 10 మీటర్ల దగ్గర 600 ఎఫ్/6.3కి ఫోకస్ లోతు దాదాపు పదిన్నర సెంటీమీటర్లు, 840 ఎఫ్/9కి ఏడున్నర. ఎఫ్ అంకె పెరిగింది కదా, లోతు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గుతుంది. ముఖం మన వైపు పెట్టి కూర్చున్న పిట్టకి కన్ను షార్ప్‌గా ఉంటే తోక ఉండదు. రెండోది వెతుకులాట: వెలుతురు తగ్గితే ఫోకస్ ముందుకీ వెనక్కీ పరుగెత్తుతుంది. లెన్సు మీది లిమిటర్‌ని (ఫోకస్ వెతికే దూరాన్ని కట్టడి చేసే స్విచ్) దూరపు పక్షులకి 10 మీటర్ల నుంచి అనంతం వైపు పెట్టండి, తూనీగలకి 10 నుంచి 2.4 వైపు. పక్షి కంటి గుర్తింపు ఆన్‌లో ఉంచండి, కానీ రెల్లు మధ్యలో పక్షి ఉంటే చిన్న స్పాట్‌కి మారిపోండి. ఎగిరే పక్షులకి వీలైతే కన్వర్టర్ తీసేయండి. చూపు ఇరుకై పక్షిని వ్యూఫైండర్లో పట్టడమే సగం కష్టం.

చాలామంది గమనించని తప్పు: కన్వర్టర్ పెట్టి ఉంచి జూమ్‌ని 430 దగ్గర వాడటం. అక్కడ మీకు వచ్చేది 600. ఉత్త లెన్సు అదే 600ని ఇంకా షార్ప్‌గా, ఎక్కువ వెలుతురుతో ఇస్తుంది. మీ ఫొటోల ఫోకల్ లెంగ్త్ అంకెలు తిరగేయండి. సగానికి పైగా 600 లోపే ఉంటే ఆ చోటికి కన్వర్టర్ అవసరం లేదు. ఇంకొకటి, ఏ సూపర్ జూమ్ అయినా చిట్టచివర కాస్త మెత్తబడితే, పూర్తిగా లాగకుండా 550 దగ్గర ఆగండి. 770 వస్తుంది, తరచూ 840 కంటే వివరం ఎక్కువ ఉంటుంది.

ఎపర్చర్ (లెన్సు లోపల వెలుతురు వచ్చే రంధ్రం) ఎంత మూయాలి? ఎఫ్/9 నుంచి ఎఫ్/10 లేదా ఎఫ్/11 వరకే. మూస్తే లెన్సు లోపాలు తగ్గుతాయి, కానీ డిఫ్రాక్షన్, అంటే సన్నని రంధ్రంలోంచి వెలుతురు చెదిరిపోవడం, పెరుగుతుంది. ఒక వెలుగు చుక్క సెన్సార్ మీద ఎఫ్/9 దగ్గర దాదాపు 12 మైక్రాన్ల బిళ్ళ అవుతుంది, ఎఫ్/11 దగ్గర 15, ఎఫ్/13 దగ్గర 17. మీ సెన్సార్ పిక్సెల్ 5.1 మైక్రాన్లు. 2ఎక్స్ వద్దన్నది ఇందుకే. పూర్తిగా తెరిచినా ఎఫ్/13 దగ్గర మొదలవుతారు, మూయడానికి చోటే లేదు, రెండు స్టాపుల వెలుతురు పోయి ఉంటుంది, గాలి అలలు రెండింతలు. 2ఎక్స్ పనికొచ్చేది 70-200 ఎఫ్/2.8 లాంటి వాటికి. అది 140-400 ఎఫ్/5.6 అవుతుంది, ఎఫ్/8కి మూస్తే వాడుకోదగ్గ ఫొటోలు వస్తాయి. అక్కడ కూడా అసలైన 100-400తో సాటి రాదు.

బిగింపు. కెమెరా ఆఫ్ చేసి, ముందు కన్వర్టర్‌ని లెన్సుకి, తర్వాత రెండింటినీ బాడీకి, తెల్ల చుక్కలు కలిపి, టిక్ మనే దాకా తిప్పండి. కొద్దిపాటి వదులు మామూలే, గడగడలాడితే కాదు. బంగారు రంగు పిన్నులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి, ఎరేజర్ వద్దు, దాని పొట్టు లోపల పడుతుంది. ఎఫ్ అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు కనపడితే పిన్నులు కలవలేదన్నమాట. కన్వర్టర్ ముందు గాజు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది, కంపెనీ జాబితాలో లేని లెన్సుకి బలవంతంగా పెడితే గాజు గాజుకి తగులుతుంది. లెన్సు ముందు చవక యూవీ ఫిల్టర్ ఉంటే తీసేసి పేపర్ పరీక్ష మళ్ళీ చేయండి. 840 దగ్గర అది ఒక్కటే ఫొటోని మెత్తబరచగలదు.

ఇది చదివే వేరే కంపెనీల వాళ్ళ కోసం ముఖ్యమైనవి మాత్రం. సోనీ ఇ-మౌంటులో (E) సిగ్మా, టామ్రాన్ జూమ్‌లకి కన్వర్టర్ పనిచేయదు, సోనీ 70-300కీ 70-350కీ కూడా పెట్టలేం. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-500కి 1.4ఎక్స్ పెట్టాలంటే జూమ్‌ని 300 దాటించాకే బిగించాలి. తర్వాత కూడా 300 లోపుకి రాదు, వచ్చేది 420-700, చివర ఎఫ్/10. బ్యాగులో లెన్సు పూర్తిగా ముడవదు, కొనేముందు బ్యాగు కొలుచుకోండి. 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/2.8కి కన్వర్టరే పట్టదు. నికాన్ జడ్ 180-600 మీ లెన్సు లాంటిదే, 1.4ఎక్స్‌తో 252-840, ఎఫ్/8 నుంచి ఎఫ్/9. పాత నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో 200-500 ఎఫ్/5.6 వాడేవాళ్ళకి ఎఫ్/8 అవుతుంది. డీ500, డీ850లలో మొత్తం 153 ఫోకస్ పాయింట్లలో 15 మాత్రమే అక్కడ పనిచేస్తాయి. ఆ బాడీల్లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌ని (ఆటోఫోకస్ తేడాని సరిదిద్దే సెట్టింగు) కన్వర్టర్‌తో కలిపి విడిగా సేవ్ చేయాలి. ఉత్త లెన్సు విలువ దీనికి సరిపోదు.

ఎడిటింగ్‌లో కన్వర్టర్ ఫొటోలకి వేరే ప్రీసెట్ పెట్టుకోండి. ముందు నాయిస్ తగ్గించి, తర్వాత కాంట్రాస్ట్ కొద్దిగా, టెక్స్చర్ 15 నుంచి 25, షార్పెనింగ్ రేడియస్ మామూలు 1.0 బదులు 1.3 దగ్గర. మాస్కింగ్ పెంచి వెనకున్న నీళ్ళకి షార్పెనింగ్ తగలకుండా చూడండి. రెక్క అంచున తెల్లటి గీత కనపడితే ఎక్కువైందని గుర్తు, వెనక్కి తగ్గించండి.

పేపర్ ఫొటోలు, ఆటపాకవి వరుసగా తీసిన ఐదారు, క్రాప్ చేయకుండా, షటర్ వేగం, ఐఎస్ఓ వివరాలతో ఇక్కడ పెట్టండి. కంటి చుక్క చూసి నాలుగింటిలో ఏదో చెప్తాను.